నూనె చిట్లిందని చెప్పుకున్న ఏడాది

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా చెల్లెలు ప్రమీల నర్సాపూర్ నుంచి కూతురు బ్లెస్సీని వెంటబెట్టుకుని మెదక్‌లో మా ఇంటికి వచ్చింది. బ్లెస్సీ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. సెలవులు కాని రోజుల్లో పిల్ల ఇంట్లో ఉండడం చూసి ఏమైందని అడిగాను. టైఫాయిడ్ అంది ప్రమీల. ఆ మాట పక్కింటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటామె వచ్చి టైఫాయిడ్‌కు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పి, కొబ్బరిబొండాలు పంపింది. బ్లెస్సీ వాట్సాప్ నిండా తొందరగా కోలుకో అంటూ పువ్వుల బొమ్మలు వచ్చాయట. పిల్లను చూస్తే జ్వరం వచ్చి తగ్గిన మనిషిలా లేదు. అలాంటి వాళ్ళకు ఆకలి బాగా ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. ఈ పిల్ల అన్నం కెలికి వదిలేసింది. ఉక్కపోతలో కూడా చున్నీని ఎడమచేతి మీదికి లాక్కుంటూ కూర్చుంది. నేను చేతి వంక చూడడం గమనించి ఇంకాస్త లాక్కుంది. అంతటితో నాకు అర్థమైంది.

వంటింట్లో నేను బీరకాయలు చెక్కు తీస్తుంటే ప్రమీల వచ్చి గడప మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. హాస్టల్ వార్డెన్ పిల్ల చేతి మీద గాయాలు చూసి ఫోన్ చేసిందట. ఇలాంటివి తమ దగ్గర కుదరవు, తీసుకుపొమ్మని అన్నదట. టైఫాయిడ్ అని చెబుదామన్నది ప్రమీల భర్త ఆలోచన. రేపు పెళ్ళికెదిగే పిల్ల, ఒకసారి పేరు పడితే పోదని ఆయన భయం. ఇదంతా చెప్పి ముక్కు తుడుచుకుని ప్రమీల ఒక మాట అన్నది. "మన ఇంట్ల ఎవ్వలకు లేదక్కా గిసుంటిది. ఎక్కడ నేర్చుకున్నదో ఏమో. ఫోన్లల్ల చూసి నేర్చుకున్నదంటడు వాళ్ళ నాయిన."

నేను చెక్కు తీయడం ఆపాను. మా అమ్మానాన్నలు పోయారు. నానమ్మ ఎప్పుడో పోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. నేను చెప్పకపోతే మా ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగనట్టే.

"ఉన్నది ప్రమీలా. నాకుండె" అన్నాను.

దానికి వెంటనే అందలేదు. నా చేతి వంక చూసింది. "నీకు నూనె చిట్లింది గదా" అన్నది. అప్పుడు దానికి ఐదేళ్ళు. ఇంట్లో ఏం చెప్పారో అదే నమ్మి, అదే పట్టుకుని యాభై ఏళ్ళదయింది.

ఆ కాలంలో మేము చర్చి వెనక వైపు గల్లీలో ఒక చిన్న పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న హిందీ మాస్టారు. తెల్లవారక ముందే లేచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తన చొక్కా తనే రుద్దుకునేవాడు. ఇంటికి ఉదయం పూట వాసన అంటే తడిబట్ట మీద వేడి ఇనుము వాసనే. నానమ్మ పెరట్లో రాయి మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ, మధ్యమధ్యలో ఆపి కీర్తన పాడుకుంటూ, మళ్ళీ తోముకునేది. ఆమె పళ్ళు తోముకునేసరికి అమ్మ పొయ్యి అంటించి, చాయ్ కాచి, నాకూ ప్రమీలకూ జడలు వేసేది. నాకు జడ వేసేటప్పుడు అమ్మ ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడేది. ఎవరింట్లో ఏం జరిగిందో, నాన్న చిన్నప్పుడు ఎంత పిరికివాడో, అలాంటివి. జడ అయిపోయినా మాట అయ్యేదాకా జుట్టు వదిలేది కాదు.

మాకు ఒక తమ్ముడు పుట్టాడు. ఎనిమిది నెలలు బతికాడు. జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, దవాఖానకు తీసుకుపోయే దారిలోనే పోయాడు. తరువాత ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. ఇస్త్రీ నడిచింది, కీర్తన నడిచింది, పొయ్యి నడిచింది. మాటలు మాత్రం ఆగిపోయాయి. అమ్మ జడలు వేసేది కాని నోరు విప్పేది కాదు. ఉప్పు తెమ్మని, నీళ్ళు పట్టమని, అంతవరకే. తమ్ముడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఉయ్యాల తాడు విప్పి నాన్న ఎక్కడో పెట్టాడు, ఎక్కడ పెట్టాడో ఎవరూ అడగలేదు. నాకు పద్నాలుగేళ్ళు. స్కూలు నుంచి వచ్చి గిన్నెలు తోమేదాన్ని, ప్రమీలకు అన్నం తినిపించేదాన్ని, మార్కులు తెచ్చుకునేదాన్ని. గల్లీలో అందరూ బంగారమసుంటి పొల్ల అనేవాళ్ళు. నేను ఏడిస్తే అమ్మ కూడా ఏడుస్తుందని, అమ్మ ఏడిస్తే ఇల్లే కూలిపోతుందని ఎందుకో నాకు నమ్మకం కుదిరింది. అందుకని ఏడవలేదు.

ఆ రోజుల్లోనే నా చేతిని నేనే గాయపరచుకోవడం మొదలైంది. ఏం చేశాను, ఎలా చేశాను అన్నది ఇక్కడ రాయను. దానితో ఎవరికీ పని లేదు. నాకు చావాలని లేదు. ఎందుకు చేస్తున్నానో నాకే తెలియదు. లోపల ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలా చేశానని చాలా ఏళ్ళ తరువాత అనుకున్నాను. లోపలిది తగ్గిందా అంటే తగ్గలేదు. దాని మీద సిగ్గు ఒకటి వచ్చి కూర్చుంది. చలికాలం కావడంతో పొడుగు చేతుల స్వెటర్ అందరూ వేసుకునేవాళ్ళే, నన్ను ఎవరూ అడగలేదు.

బయటపడింది క్రిస్మస్ పిండివంటల రోజున. నానమ్మ ఎంత దుఃఖంలోనైనా పండుగ ఆపనిచ్చే మనిషి కాదు. గరిజెలు చేయాలని కూర్చుంది. ఎండుకొబ్బరి, నువ్వులు, యాలకులు దంచిన వాసనతో ఇల్లు నిండిపోయి ఉంది. మైదా కలపమని నన్ను పిలిచింది. నేను స్వెటర్ చేతులు ముంజేతి దాకా కూడా ఎత్తకుండా కూర్చున్నాను. పిండి అంటుకుంటుంది, పైకి మడుచుకో అన్నది. పర్వాలేదన్నాను. ఆమె ఇంకేం అనకుండా నా చెయ్యి పట్టుకుని తనే పైకి లాగింది. పొయ్యి దగ్గర నూనె కాగుతోంది. అమ్మ బాణలి ముందు ఉంది. ముగ్గురమూ నా చేతి వంకే చూశాం. నేను కూడా, నాది కానట్టే చూశాను. నానమ్మ నా చెయ్యి వదలకుండానే యేసయ్యా అన్నది. అమ్మ బాణలి దించి పక్కన పెట్టింది.

నాన్న వచ్చాక విషయం చెప్పారు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోడ వంక తిరిగి నిలబడ్డాడు. తరువాత, ఎవరడిగినా గరిజెలు వేయించేటప్పుడు నూనె చిట్లిందని చెప్పమన్నాడు. అబద్ధానికి సామాను అంతా సిద్ధంగానే ఉంది. పొయ్యి, బాణలి, పండుగ. ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పటినుంచి మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఒకామె కలబంద తెచ్చింది. ఒకామె గాయానికి ఇంకు రాస్తే చల్లగా ఉంటుందని సిరాబుడ్డి పంపింది. ఎదురింటి లీలమ్మ ఎల్దుర్తి నుంచి తెప్పించుకున్న తేనె ఒక సీసా తెచ్చి, నా పక్కన కూర్చుని, మంట పుడుతుందా బిడ్డా అని వీపు నిమిరింది. ఆమె కూతురు మార్త నా క్లాసే, నా బెంచీయే. మార్త నా నోట్సులన్నీ రాసిపెట్టింది. అంతమంది అంత ప్రేమగా చూసిన రోజులు నా చిన్నతనంలో ఇంకెప్పుడూ లేవు. అయితే ఆ ప్రేమ అంతా నూనె చిట్లిన పిల్లకు వచ్చింది. నేను ఆ పిల్ల స్థానంలో కూర్చుని తీసుకుంటున్నాను. లీలమ్మ వీపు నిమిరినప్పుడల్లా, నిజం తెలిస్తే ఈ చెయ్యి తీసేస్తుందని అనుకునేదాన్ని.

అలాగే జరిగింది. మా నానమ్మ ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో లేచి నిలబడి, మా పొల్లను సైతాను పట్టింది, తన చేతులు తనే పాడుచేసుకుంటుంది, ప్రార్థన చేయండ్రి అని ఏడ్చింది. ఆమె ప్రేమతోనే చెప్పింది. ఆమెకు తెలిసిన దవాఖాన అదొక్కటే. అక్కడున్నవాళ్ళు ప్రార్థన చేశారు, చేసి ఇళ్ళకు పోయి చెప్పారు. ప్రేమలో పడిందట అన్నారు కొందరు. చచ్చిపోబోయిందట అన్నారు కొందరు. మార్త వేరే బెంచీకి మారింది. వాళ్ళమ్మ మారమన్నదని నాకు చెప్పి మరీ మారింది, పాపం. లీలమ్మ మా గుమ్మం ముందు నుంచి పోతూ తల ఇటు తిప్పకుండా పోయేది. నా చెయ్యి మారలేదు, అదే చెయ్యి, అవే గాయాలు. పేరు మారింది, అంతే.

అందులో ఒక గాయం మానక పుండయింది. నాన్నా అమ్మా నన్ను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఉన్న డాక్టరు కుర్రవాడు, మెదక్‌కు కొత్తగా వచ్చినవాడు. ఎట్లా అయిందని అడిగాడు. గల్లీకంతా తెలిసిపోయిన తరువాత కూడా నాన్న, నూనె చిట్లింది సార్ అన్నాడు. డాక్టరు చేతిని వెలుతురుకు తిప్పి చూసి ఏదో అనబోయాడు. అప్పుడు మా అమ్మ మాట్లాడింది. తమ్ముడు పోయిన తరువాత ఆమె నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

"నూనె కాదు సారు. మా బిడ్డనే చేసుకుంటుంది. ఎందుకో మాకు సమజ్ అయితలేదు. దానికి సుత తెల్వదంటది. మా చిన్నపిలగాడు సచ్చిపోయిండు, అప్పటినుంచి నేను దాని మొఖం సూడలే. ఏం జెయ్యాల్నో మీరన్న చెప్పుండ్రి."

నాన్న తల దించుకున్నాడు. డాక్టరు కుర్చీ నా వైపు జరుపుకుని, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా, నీకు చచ్చిపోవాలనిపిస్తుందా అని అడిగాడు. అమ్మ ఉలిక్కిపడింది. నాకు మాత్రం ఊపిరి ఆడినట్టయింది. ఇన్ని రోజుల్లో అందరూ నా గురించి ఆ మాట అనుకున్నారు, ఒక్కరూ నన్ను అడగలేదు. లేదు సార్, పొద్దున లేవబుద్ధి కాదు, అంతే, అన్నాను. ఆయన తల ఊపి, ఇది చాలామంది పిల్లలకు వచ్చేదే, సిగ్గుపడాల్సింది లేదు, దీనికి మాట్లాడే డాక్టర్లు ఉంటారు, పట్నంలో ఒకామె ఉంది, పోండి అన్నాడు. ఆమె ఉండే మానసిక రోగుల పెద్ద దవాఖాన పేరు చెబితేనే స్కూల్లో పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్ళు. అక్కడికి పోయి వచ్చిన పిల్లను ఎవరు చేసుకుంటారని నానమ్మ గొడవ చేసింది. అమ్మ వినలేదు.

నెలకోసారి అమ్మా నేనూ హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్ళం. ఈ విషయం గురించి నాన్న ఆ రోజు తరువాత, తను చనిపోయేదాకా, ఒక్క మాట మాట్లాడలేదు. కాని మేము పోయే రోజున మాకంటే ముందే సైకిల్ మీద బస్టాండుకు పోయి, బస్సు రాగానే కిటికీలోంచి దస్తీ వేసి మాకు రెండు సీట్లు ఆపేవాడు. మేము ఎక్కి కూర్చున్నాక దస్తీ తీసుకుని, దులిపి, జేబులో పెట్టుకుని స్కూలుకు పోయేవాడు. ఆయనకు చేతనైంది అది.

డాక్టరమ్మ మంచిదే. నాతో మాట్లాడింది, అమ్మతోనూ విడిగా మాట్లాడింది. అయితే నాకు ఎక్కువ గుర్తున్నది బస్సు. నర్సాపూర్ దగ్గర దారికి రెండు పక్కలా అడవి వస్తుంది. ఒకసారి అక్కడ, బయటికి చూస్తూ చూస్తూ, అమ్మ తమ్ముడి గురించి మొదలుపెట్టింది. వాడి వెంట్రుకలు చెవుల దగ్గర ఎలా వంకీలు తిరిగేవో చెప్పింది. ఆ రోజు దవాఖానకు ఇంకాస్త ముందు బయలుదేరి ఉంటే అని తనలో తను రోజూ అనుకుంటున్నానని చెప్పింది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనిది, బస్సులో ఇద్దరమూ ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు వచ్చింది. నేను ఏడ్చాను. అమ్మ ఏడ్చింది. నేను భయపడినట్టు ఏదీ కూలిపోలేదు. కండక్టరు మా వంక ఒకసారి చూసి ముందుకు పోయాడు.

ఎండాకాలం మొదట్లో లీలమ్మ మా ఇంటికి వచ్చింది. అన్ని రోజులు రాని మనిషి వచ్చి పెరట్లో అమ్మ పక్కన కూర్చుని, చింతపండు గింజలు తీస్తున్న అమ్మ చేటలోంచి తనూ కొంత తీసుకుని తీయడం మొదలుపెట్టింది. తనకు ఒక చెల్లెలు ఉండేదని చెప్పింది. పోయేనాటికి నా ఈడుదే. ఇంట్లోనే ప్రాణం తీసుకుందట. కడుపునొప్పి అని ఊరికి చెప్పారట. నేను వాకిట్లో ప్రమీలకు అక్షరాలు దిద్దిస్తున్నాను, నాకు వినబడింది.

"కడుపునొప్పి అంటే అందరు నమ్మిండ్రు వదినె. ఇప్పుడు నాకు తప్ప దాని అసలు సంగతి ఎవ్వలకు యాదికి లేదు. మీ పొల్లను జూస్తే నాకు అదే కండ్లవడ్డది. భయమైంది. గందుకే రాలే."

అమ్మ ఆ చెల్లెలి పేరేమిటని అడిగింది. లీలమ్మ చెప్పింది. ఎన్నో ఏళ్ళకు ఆ పేరు పైకి అన్నానని కూడా చెప్పింది. మరుసటి రోజు మార్త మళ్ళీ నా బెంచీకి వచ్చింది. మేము దాని గురించి మాట్లాడుకోలేదు. లెక్కల టీచరును గురించి మాట్లాడుకున్నాం.

ఒక్కసారిగా అంతా నయమైపోయిందని అనను. మధ్యలో మళ్ళీ అయింది కూడా. ఈసారి దాచకుండా నేనే అమ్మకు చెప్పాను. అమ్మ చారుకు చింతపండు పిసుకుతోంది. చేతులు కడుక్కుని వచ్చి, గాయానికి మందు రాసి, మంచిగ చెప్పినవ్, డాక్టరమ్మకు చెప్దాం అన్నది. మళ్ళీ పోయి చారు చేసింది. ఆ మామూలుతనం నాకు మందులా పనిచేసింది. ఇంట్లో మిగతా అందరికీ అప్పటికి ఇంకా నా మీద భయమే. నానమ్మ నన్ను ఒక్క మాట అనేది కాదు. అన్నం మాడ్చినా, పాలు పొంగబెట్టినా, పోనీలే బిడ్డా అనేది. అంత మెత్తగా మాట్లాడితే నేనింకా మామూలు మనిషిని కాలేదనిపించేది.

ఇదంతా ప్రమీలకు ఒక్క మధ్యాహ్నంలో చెప్పలేదు. రెండు మూడు రోజులు, పని చేసుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొదట దానికి కోపం వచ్చింది. ఇన్నేళ్ళు తనతో ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పడానికి ఎవరూ అడగలేదన్నాను, అది నిజమే. తరువాత, బ్లెస్సీని తను ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదని, గాయాలు ఎక్కడెక్కడ ఉన్నాయని మాత్రమే అడిగానని చెప్పి ఏడ్చింది. నాలుగో రోజు బ్లెస్సీని డాక్టరుకు చూపించాం. ఇప్పుడు పట్నందాకా పోనక్కరలేదు, మెదక్‌లోనే చూస్తున్నారు. ఫోన్ చేసి మాట్లాడే నంబర్లు ఉన్నాయి. అవి స్కూలు గోడల మీద కూడా రాసి ఉంటున్నాయి. మా కాలంలో ఇందులో ఏ ఒక్కటీ లేదు. కాని టైఫాయిడ్ అనే మాట అంత తేలిగ్గా నోటికి రావడం చూస్తే, మా గల్లీ ఎంతో దూరం నడవలేదని కూడా అనిపిస్తుంది. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పొద్దు అన్నది బ్లెస్సీ ఇష్టానికే వదలమని ప్రమీలకు చెప్పాను. పిల్ల తనే దాచుకోవడం వేరు, మనం దాచిపెట్టడం వేరు. మొదటిది పిల్ల హక్కు.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన సాయంత్రం బ్లెస్సీ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మ దానికి నా సంగతి చెప్పిందని అప్పుడే తెలిసింది. నా చెయ్యి చూపించమని అడిగింది. చూపించాను. వయసుతో చర్మం ముడతలు పడి, మచ్చలు ఏవో ముడతలు ఏవో నాకే సరిగా తెలియడం లేదు. కాసేపు చూసి, నీకు ఏ రోజున తగ్గింది పెద్దమ్మా అని అడిగింది. ఏ రోజున అన్నది తెలియదని చెప్పాను. ఒకసారి నేను అన్నం మాడిస్తే అమ్మ, ధ్యాస ఎక్కడ పెట్టినవే అని గట్టిగా తిట్టిందని, నేను ఎదురు తిట్టానని, ఇద్దరమూ సాయంత్రం దాకా మాట్లాడుకోలేదని, ఆ కోపంలో ఉండగానే నేను బాగున్నానని తోచిందని చెప్పాను.

బ్లెస్సీ మొదటిసారి కొంచెం నవ్వింది. "మా మమ్మీ నన్ను తిట్టక నెల అయితుంది పెద్దమ్మా" అన్నది.

"తిట్టుమని చెప్త తియ్" అన్నాను.

చెప్పాను. ప్రమీల భయపడింది, ఏమైనా అయితే ఎట్లక్కా అన్నది. ఏం కాదు, పిల్లతో ఎప్పటిలాగే ఉండమన్నాను. ప్రమీల చాలాసేపు వంటింట్లోనే తచ్చాడి, చివరికి గది గుమ్మం దాకా పోయి నిలబడింది. "బ్లెస్సీ, తడి తువ్వాల తెచ్చి మంచం మీద ఏసినవ్. ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అన్నది.

"ఆఁ, తీస్తున్న" అని లోపలి నుంచి విసుగ్గా వినబడింది.